అడగని దాహం

"అడగందే అమ్మయినా పెట్టదు" అని మన సామెత. నోరున్నవాడికి చెప్పిన బుద్ధి అది. మొహమాటపడకు, అవసరముంటే అడుగు అని. మంచిమాటే. అయితే ఈ మాటనే తిప్పి, పెట్టవలసినవాడి చేతికిస్తే ఏమవుతుంది? "వాడు అడగలేదు, నేను పెట్టలేదు" అని చేతులు దులుపుకోవడానికి పనికివస్తుంది. అడిగేవాడికి ధైర్యం చెప్పిన సామెత పెట్టేవాడికి సాకుగా మారుతుంది.

మరి అడగడానికి నోరే లేని ప్రాణి సంగతేమిటి? దాన్ని మన పని మీద, మన దారిన, మన వేగంతో నడిపిస్తున్నాం. తన అవసరం అది చెప్పలేదు కనుక మన బాధ్యత తగ్గుతుందా, పెరుగుతుందా? పక్కన సాయానికి మరో మనిషి లేనప్పుడు "ఒక్కణ్ణి, ఇంతకన్నా ఏం చేయను" అన్న మాట ఎంతవరకు చెల్లుతుంది? వాణిజ్యశాస్త్రం చదువుకుని బ్యాంకులో జమాఖర్చులు చూసుకునేవాణ్ణి. ఉత్త తర్కంతో ఈ ప్రశ్నను తేల్చడం నా వల్ల కాదు. అందుకని ఒక గుర్రాన్నీ, ఒక బొక్కెన నీళ్ళనూ ముందు పెట్టుకుని మాట్లాడతాను.

మన సిరొంచ వైపు గుర్రం కనిపించేది పెళ్ళి ఊరేగింపుల్లోనే. మనకు తెలిసిన పశువు ఎద్దు. అయినా గుర్రాన్నే ఎందుకు తీసుకున్నానంటే, దాని దాహంలో ఒక చిక్కు ఉంది. ఆ చిక్కు మన ప్రశ్నను బాగా పదును పెడుతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955 నుంచి టెవిస్ కప్ అనే గుర్రపు స్వారీ జరుగుతున్నది. కొండదారిన 100 మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు, 24 గంటల్లో ఒకే గుర్రం మీద పూర్తిచేయాలి. ఇలాంటి దూరపు స్వారీలు ఇప్పుడు అనేక దేశాల్లో ఉన్నాయి. దారిలో మజిలీ మజిలీకి పశువైద్యులు గుర్రాన్ని ఆపి చూస్తారు. గుండె వేగం నిర్ణీత వ్యవధిలో దిగాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సాధారణంగా అది నిమిషానికి 64. మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. కడుపులో పేగుల చప్పుడు వినిపించాలి. ఇవన్నీ ఒకే ప్రశ్నకు జవాబు వెతకడం: ఈ ప్రాణిలో నీళ్ళున్నాయా, ఇంకిపోయాయా?

చాలామంది రౌతుల వెంట సహాయకులుంటారు. రౌతు దిగేసరికి వాళ్ళు బొక్కెనలు నింపి, మేత తడిపి, తడిగుడ్డలు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. ఏ సహాయకుడూ లేకుండా పోయే రౌతులు కూడా ఉన్నారు. వారికి గుర్రం కాపరి, వంటవాడు, వైద్యుడు అన్నీ తామే. అటువంటివాడికి అన్నిటికన్నా పెద్ద సమస్య నీళ్ళే.

ఇక ఆ చిక్కు చెబుతాను. పనిలేకుండా కొట్టంలో నిలబడిన గుర్రమే రోజుకు 25, 30 లీటర్ల నీళ్ళు తాగుతుంది. ఎండలో గట్టిగా నడిస్తే ఒక్క గంటలో 10 నుంచి 15 లీటర్ల చెమట పోవచ్చు. మనిషి చెమటలో ఉప్పు రక్తంలో కన్నా తక్కువ. అందుచేత మనకు చెమట పోస్తే నీళ్ళు ఎక్కువగా పోయి, ఉప్పు వెనక మిగిలి, రక్తం చిక్కబడుతుంది. మెదడు ఆ చిక్కదనాన్ని పసిగట్టి దాహం పుట్టిస్తుంది. గుర్రానికి అలా కాదు. దాని చెమట రక్తమంత ఉప్పగా, ఒక్కొక్కసారి అంతకన్నా ఉప్పగా ఉంటుంది. లీటరు చెమటతో దాదాపు 10 గ్రాముల లవణాలు పోతాయి. నీళ్ళూ ఉప్పూ కలిసే పోవడంతో రక్తం పలచన చిక్కన తేడా పెద్దగా తెలియదు. మెదడుకు కబురు అందదు. ఒంట్లో పాతిక లీటర్లు తరుగుపడినా గుర్రం నీటి తొట్టి ముందు తల తిప్పుకుని నిలబడవచ్చు.

అంటే ఈ ప్రాణికి నోరు లేదనుకున్నాం. తన దాహం తనకే తెలియని స్థితి కూడా దానికి వస్తుంది.

ఇంగ్లీషువాళ్ళకొక సామెత ఉంది: గుర్రాన్ని నీళ్ళ దగ్గరికి తీసుకుపోగలవు గాని తాగించలేవు అని. మా ఆఫీసుల్లో కూడా ఈ మాట బాగా తిరుగుతుంది. "పథకం చెప్పాం, వాళ్ళు ముందుకు రాలేదు." "ఫారాలు పంచాం, నింపుకుని రాలేదు." గుర్రం శరీరధర్మం తెలిసిన తర్వాత ఈ సామెత నాకు అంత నిర్దోషంగా కనబడదు. తాగకపోవడానికి కారణం మొండితనం కాకపోవచ్చు. ఎక్కువ నడిపించడమే కారణం కావచ్చు. మనం చేసిన పనివల్ల పోయిన దాహాన్ని సాక్ష్యంగా పట్టుకుని, దానికి దాహం లేదని తీర్పు చెప్పుకుంటున్నాం. మన సామెతలు కూడా తక్కువేం తినలేదు. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అంటాం. గుర్రం కాలు వెనకబడితే అది దొంగవేషమని మన మొదటి అనుమానం. నీళ్ళు లేక నడక తగ్గిందేమో అన్నది ఎప్పటికో గాని తట్టదు.

* * *

ఈ సంగతులు పుస్తకాల్లో చదివే ముందే, ఇందులో సారం మన బండివాళ్ళకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన తొంభైల్లో ఐఆర్‌డీపీ కింద ఎడ్లజతకూ బండికీ అప్పులిచ్చే రోజులు. ఎడ్ల చెవికి బిళ్ళ ఉందా, బీమా కట్టారా అని ఊళ్ళు తిరిగి చూసేవాళ్ళం. అప్పు కాగితాల్లో మేత ఖర్చుకు గడి ఉండేది, నీళ్ళకు ఉండేది కాదు. నీళ్ళకు డబ్బు పెట్టనక్కర లేదు కదా! ఒకసారి ఆసరెల్లి దారిలో ఒక ముసలి బండివాణ్ణి, మేడారం జాతరకు బండి కట్టుకుని పోతే ఎంత దూరమని అడిగాను. అతను కిలోమీటర్లు చెప్పలేదు. వేళ్ళు మడిచి, "ఫలానా వాగు ఒక నీళ్ళు, ఫలానా చెరువు రెండో నీళ్ళు" అని లెక్కపెట్టుకుంటూ పోయాడు. దూరానికి అతని కొలత నీళ్ళు. "మధ్యలో ఎడ్లు అడిగితే?" అన్నాను. నవ్వాడు. "ఎద్దు అడుగది సారూ. అది అడిగేదాక ఆగితే, అది అడుగుడు గాదు, పడుడే."

ప్రాణహిత మీద వంతెన రాకముందు వేసవిలో బండ్లు ఇసుకలోకి దిగేవి. ఎడ్లకు అంతకన్నా కష్టమైన లాగుడు లేదు. ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీళ్ళు గిన్నెతో ముంచి బొక్కెనలో పోసి ఎడ్లకు పెట్టేవారు. చెలమ ఊరడానికి సమయం పడుతుంది. ఆ సమయమంతా బండి ఆగాలి. ఇంటి దగ్గర కుడితిలో తౌడుతో పాటు చిటికెడు ఉప్పు వేసేవారు. ఉప్పు తగిలితే పశువు ఇంకాస్త తాగుతుందని వాళ్ళకు తెలుసు. ఎద్దుకు గుర్రమంత చెమట పోయదు, రెంటి లెక్క ఒకటి కాదు. అయినా తొట్టిలో ఉప్పు వేసిన చెయ్యి, దూరపు స్వారీల్లో గుర్రం నోట్లో లవణాల ముద్ద పెట్టే చెయ్యి ఒకే సంగతిని కనిపెట్టాయి. దాహం లేకపోతే దాహం పుట్టించాలి.

ఈ విషయంలో మనవారికి ఉన్న అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ ద్రోణపర్వంలో ఉంది. సైంధవుణ్ణి సూర్యాస్తమయం లోపల చంపకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడి ప్రతిజ్ఞ. పొద్దు వాలుతున్నది. సైంధవుడు ఇంకా దూరంలో ఉన్నాడు. రథాశ్వాలు బాణాలు తగిలి అలసిపోయాయి. ఇంత గడువు నెత్తిమీద ఉన్న మనిషి ఏం చేయాలి? కొరడా తీయాలి అంటుంది లోకం. అర్జునుడు రథం దిగాడు. గుర్రాలను విప్పుదామన్నాడు. కృష్ణుడు సరేనని, ఒక చిక్కు చెప్పాడు: ఇక్కడ గుర్రాలకు నీళ్ళు లేవు, వాటికి కావలసింది తాగే నీళ్ళు, స్నానం సంగతి తర్వాత అని. అర్జునుడు అస్త్రంతో నేలను కొట్టి కొలను పుట్టించాడు, బాణాలతో చుట్టూ ఇల్లు కట్టాడు. కృష్ణుడు తన చేతులతో గుర్రాల ఒంట్లోని బాణాలు లాగి, ఒళ్ళు నిమిరి, నీళ్ళు తాగించి, మేత మేపి మళ్ళీ రథానికి కట్టాడు. అంతసేపూ అర్జునుడు నేలమీద నిలబడి శత్రుసేనను ఒక్కడే ఆపాడు.

అస్త్రంతో కొలను పుట్టించడం మన చేతిలో లేదు. ఆ కథలో మనకు పనికివచ్చేవి మూడు ఉన్నాయి. గుర్రాలు అడగలేదు, పగ్గాలు పట్టినవాడు కనిపెట్టాడు. వెంట సేవకులు లేరు కనుక స్వయంగా దిగి చేశారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆగినందువల్ల వచ్చిన ప్రమాదం గుర్రాల మీద పడలేదు. ఆపినవాడు దాన్ని కాలినడకన నిలబడి తానే మోశాడు. గడువు పెట్టుకున్నది అర్జునుడు. గుర్రాలకు ఏ ప్రతిజ్ఞా లేదు.

* * *

ఇప్పుడు ఒంటరిగా పోయే రౌతు సంగతికి వద్దాం. సహాయకులు లేనివాడు ఏంచేయాలో ఆ విద్య తెలిసినవాళ్ళు చెప్పిన మాటలు వింటే, అందులో సగం నీతిశాస్త్రంలాగే ఉంటుంది. ముందు రోజే గుర్రానికి గడ్డి బాగా మేపు, కడుపులోని గడ్డి నీటిని పట్టి దాచుకుంటుంది. మేత తడిపి పెట్టు. బయలుదేరక ముందే దారిలోని వాగులు, గుంటలు ఎక్కడెక్కడో తెలుసుకో. ఇంటి దగ్గరే రకరకాల తొట్లలో, గుంటల్లో తాగడం అలవాటు చెయ్యి. నీళ్ళు కనిపించిన ప్రతిచోటా ఆగు. మొదటి వాగు దగ్గర తాగకపోతే కోపగించకు, రెండోదాని దగ్గర మళ్ళీ ఆగు. తాగుతూ మధ్యలో తలెత్తి చూస్తే అయిపోయిందనుకుని పగ్గం లాగకు. చాలాసార్లు అది మళ్ళీ తల వంచుతుంది. జీనుకు తాడుతో ఒక స్పంజి కట్టుకో, వాగు దాటేటప్పుడు ముంచి మెడ మీద పిండు. నీళ్ళు దొరకనిచోట లవణాలు పెట్టకు, అవి ఒంట్లో ఉన్న నీటిని కూడా పేగుల్లోకి లాగుతాయి.

చెమట ఆరకముందు నీళ్ళు పెట్టకూడదని మన పెద్దల్లోనూ వాళ్ళ పెద్దల్లోనూ ఒక నమ్మకం ఉంది. దూరపు స్వారీల అనుభవం దాన్ని పక్కకు పెట్టింది. దారిలో తాగనిచ్చి మెల్లగా నడిపిస్తే కీడు లేదని తేలింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పరిశోధనలు వేడెక్కిన గుర్రం మీద చల్లటి నీళ్ళు పోయడం కూడా మేలేనని చూపాయి. అంటే మంచి ఉద్దేశంతో నీళ్ళు ఆపినవాళ్ళు కూడా ఉన్నారు. ఉద్దేశం మంచిదైతే చాలదు, తెలుసుకోవడం కూడా బాధ్యతలో భాగమే.

ఈ జాబితాలో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. స్పంజి, బొక్కెన, చిటికెడు ఉప్పు. ఖర్చయ్యేదల్లా కాలం. సహాయకులున్న రౌతు ఆ కాలాన్ని ఇతరుల చేతులతో కొంటాడు. లేనివాడు తన గడియారంలోంచి తీసి ఇవ్వాలి. కాబట్టి "ఒక్కణ్ణి" అన్న మాటకు నా జవాబు ఇది: ఒంటరితనం నీ వేగాన్ని తగ్గిస్తుంది, నీ దూరాన్ని తగ్గిస్తుంది. బాధ్యతను తగ్గించదు. ఎంత దూరం నీళ్ళకు పూచీపడగలవో అంత దూరమే నీ ప్రయాణం. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఆస్తి మీద మొదటి హక్కు ఎవరిదో తేలిన తర్వాతే మిగతావాళ్ళ వంతు. ప్రయాణం మీద మొదటి హక్కు మోసేదాని దాహానిది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. నీళ్ళు ఒక్క తిత్తి మాత్రమే మిగిలి, మనిషికీ గుర్రానికీ ఇద్దరికీ చాలకపోతే? మనిషి ప్రాణం పెద్దది కాదా? మనిషి సొమ్మసిల్లితే గుర్రం గతీ అంతే కదా? నిజమే. దారి వెతకగలిగేంత తెలివి నిలబడటానికి ఎంత కావాలో అంత మనిషి తాగాలి. అంతకు మించిన కష్టం వచ్చినప్పుడు మాత్రం, ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది ఎవరన్నది చూడాలి. రౌతు ఆలోచించి బయలుదేరాడు. గుర్రం జీను వేస్తే బయలుదేరింది. ఒప్పుకుని వచ్చినవాడే ముందు కొరత భరించాలి, కనీసం దిగి నడవాలి. దిగి నడిచే రౌతు బరువు గుర్రం మీద లేనప్పుడు, ఆ తిత్తెడు నీళ్ళే ఇంకొంత దూరం సరిపోతాయి.

* * *

ఒంటరి ప్రయాణికుడని అంటున్నాం గాని, నిజానికి పూర్వం ఎవడూ అంత ఒంటరి కాదు. దారే అతనికి సహాయకుడు. అశోకుడు మనుషులకూ పశువులకూ కలిపి దారుల వెంట బావులు తవ్వించానని తన రెండో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. ఆ శాసనాల ప్రతి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద నేటికీ ఉంది. రెండువేల రెండువందల ఏళ్ళకు పైబడిన ఆ మాటలో మనుషులతో పాటు పశువుల పేరు కూడా ఉండటం గమనించండి. తొట్టి కట్టినవాడు ఏ బండివాడు వస్తాడో చూడలేదు. ముఖం తెలియని పశువు దాహాన్ని ముందే ఊహించి పోయాడు. అలాంటి తొట్లు ఇప్పుడు దారుల పక్క ఎన్ని మిగిలాయి? వేసవిలో మనుషులకు చలివేంద్రాలు వెలుస్తాయి. పక్కన పశువులకో కుండ పెట్టేవారు అరుదు.

మన ప్రాంతానికి నీటి కరువా అంటే చెప్పలేం. ప్రాణహిత పేరులోనే ప్రాణానికి హితం ఉంది. అది కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, కిందికి పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి కలుస్తుంది. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ మన తాలూకా సరిహద్దు మీదే ఉంది. దాని పియర్లు 2023 అక్టోబరులో కుంగినప్పుడు పత్రికలన్నీ నీటిని టీఎంసీల్లో లెక్కగట్టాయి. టీఎంసీల్లో కొలిచే నీళ్ళకు లెక్కచూసేవాళ్ళు చాలామంది. బొక్కెనతో కొలిచే నీళ్ళకు ఆ పక్కన నిలబడినవాడే దిక్కు.

చట్టం ఈ బొక్కెనను పూర్తిగా మరిచిపోలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, యజమాని పశువుకు చాలినంత మేత, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం నేరం. 1965 నాటి నిబంధనలు లాగుడు పశువుల చేత రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పనిచేయించరాదన్నాయి. 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలే కట్టరాదన్నాయి. మే నెలలో మన ఎండ ఎంతో పాఠకులకు చెప్పనక్కర లేదు. అయితే అడవి దారిలో, ఎవరూ చూడనిచోట, ఈ చట్టాన్ని అమలు జరిపే అధికారి ఎవరు? బండి మీద కూర్చున్నవాడే. నేరం చేయగలవాడూ, పట్టుకోగలవాడూ ఒక్కడే అయినచోట మాత్రమే నీతి అనేది నిజంగా పరీక్షకు నిలబడుతుంది.

మా వృత్తిలో బాకీకి కాలదోషం ఉంది. అప్పిచ్చినవాడు మూడేళ్ళ లోపు దావా వేయకపోతే, బాకీదారు మధ్యలో ఒప్పుకోలు రాసివ్వకపోతే, కోర్టు ఆ బాకీ ఇప్పించదు. చట్టానికి అలాంటి గడువు కావాలి, లేకపోతే తగవులు తెగవు. కాని నోటీసు ఇవ్వడమే చేతకాని ఋణదాత దగ్గర ఆ గడువును వాడుకోవడం అన్యాయం. మోసే ప్రాణి అటువంటి ఋణదాత. అది నోటీసు పంపదు, వడ్డీ అడగదు. దాని బాకీని మన పుస్తకంలో మనమే రాసుకోవాలి.

ఇలా రాసుకోవలసిన బాకీలు పశువులవే కావు. మన గడ్చిరోలి నుంచి, పక్క బస్తర్ నుంచి ఏటా ఎందరో కూలీలు మిరప ఏరడానికి గోదావరి దాటి తెలంగాణ తోటలకు పోతారు. భాష రానివాళ్ళు, అడగడానికి జంకేవాళ్ళు వాళ్ళలో చాలామంది. 2020 లాక్‌డౌన్‌లో పనులాగి, బండ్లాగి, ఎండలో అడవుల వెంట ఇళ్ళకు నడిచినవాళ్ళలో ఒంట్లో నీళ్ళూ ఉప్పూ ఇంకిపోయి దారిలోనే ప్రాణం విడిచినవాళ్ళు ఉన్నారు. మనుషులను పశువులతో పోల్చానని ఎవరూ నొచ్చుకోవద్దు. నోరుండి కూడా అడగలేని స్థితికి మనిషిని తెచ్చిన తర్వాత, "వాళ్ళు అడగలేదు" అనే హక్కు మనకు ఉంటుందా అన్నదే నా ప్రశ్న.

మనం ఇక్కడ మరాఠీవాళ్ళతో కలిసి పోలా పండుగ చేసుకుంటాం. ముందు రోజు ఎడ్ల మెడలకు నెయ్యి, పసుపు రాసి, రేపు భోజనానికి రమ్మని మర్యాదగా పిలవడం విదర్భ ఆచారం. ఏడాదంతా కాడి మోసిన మెడను చేత్తో తడిమి చూసే రోజు అది. అందమైన ఆచారం, పోగొట్టుకోరాదు. అయితే ఎద్దుకు ఆ ఒక్కరోజు భోజనం కన్నా మిగిలిన రోజుల్లో వేళకు అందిన బొక్కెనే ఎక్కువ అవసరం.

దూరపు స్వారీల్లో ఒక నియమం నాకు చాలా నచ్చింది. గమ్యం చేరినంత మాత్రాన స్వారీ పూర్తయినట్టు రాయరు. చేరిన తర్వాత కూడా పశువైద్యుడు చూసి, ఈ గుర్రం ఇంకా ముందుకు నడవగల స్థితిలో ఉందని చెబితేనే పూర్తయినట్టు లెక్క. లేకపోతే ఎంత ముందు వచ్చినా ఆ పేరు కొట్టేస్తారు. మనల్ని మోసినవాళ్ళు, మనం దిగిన తర్వాత ఏ స్థితిలో ఉన్నారో చూసి మన విజయాలను లెక్కగట్టే పద్ధతి మన ఇళ్ళల్లో, పొలాల్లో, ఆఫీసుల్లో కూడా పెడితే ఎందరి పేర్లు నిలుస్తాయో! నా పేరు సంగతి నేను లెక్క చూసుకుంటున్నాను. మీదీ ఒకసారి చూసుకోండి.